ముప్పై గంటల చదువు

‘ఆయిరం వేరు కండవన్ అరై వైద్యన్’ అన్న సామెత కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో తమిళులకే కాదు, తెలుగువారికీ నోటికొచ్చిన మాటే. వెయ్యి వేర్ల గుణం ఎరిగినవాడైనా సగం వైద్యుడే, మిగతా సగం జీవితాంతం నేర్చుకుంటూ పోవలసిందే అని పెద్దల తాత్పర్యం. కాలక్రమంలో ఆ ‘వేరు’ కాస్తా ‘పేరు’గా మారి, వెయ్యిమందిని చంపినవాడు అర వైద్యుడన్న ఎకసెక్కంగా మిగిలింది. వైద్యుడు నేర్చుకోవడం మానేస్తే సంగతి ఎక్కడికి దారితీస్తుందో ఆ ఒక్క అక్షరం తేడాయే చెబుతుంది.

నేర్చుకోక తప్పదని చట్టం కూడా ఒప్పుకుంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ అయిదేళ్ళలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యకు కేటాయించాలి. ఆ మండలి స్థానంలో 2020 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళిని ప్రకటించి, అదే నెలలో దాన్ని ఆపేసి, 2002 నాటి నియమాలనే తిరిగి అమల్లో పెట్టింది. అంటే ఏడాదికి ఆరు గంటలు, నెలకు అరగంట. ఆ అరగంటలో ఏం నేర్చుకోవాలన్నది మాత్రం డాక్టరు ఇష్టానికి, సభ పెట్టేవాళ్ళ ఇష్టానికి వదిలేశారు. గంటల లెక్క ఢిల్లీ చెప్పగలదు. కోవిల్‌పట్టి బజారులో బోర్డు కట్టుకున్న ఫ్యామిలీ డాక్టరుకు ఏ పాఠం కొరవడిందో ఢిల్లీకి తెలియదు. అది ఇక్కడే, ఆయన బెంచీ మీద కూర్చున్న రోగుల నుంచే తెలియాలి.

ఆ బెంచీ మీద కూర్చునేవారిలో తెలుగువారు తక్కువేం కాదు. కమ్మవారు, రెడ్లు, రాజులు, కంబళ నాయకర్లు, దేవాంగులు, అరుంధతీయులు తరాల కిందటే ఈ నల్లరేగడి సీమకు వచ్చి స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే తమిళంలో నవలలుగా రాసి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. వాన పడితే సేద్యం, లేకపోతే అగ్గిపెట్టెల పని. శివకాశి, సాత్తూరు చుట్టుపక్కల బాణసంచా, రాజపాళయంలో నూలు మిల్లులు, ఛత్రపట్టిలో ఆసుపత్రులకు వెళ్ళే బ్యాండేజీ గుడ్డ. ఇలా కూలి చేసుకునేవారికి జబ్బు చేస్తే మొదట పోయేది మదురైలోని స్పెషలిస్టు దగ్గరికి కాదు, వీధి చివరి డాక్టరు దగ్గరికి. ఆయనకు తెలిసిందే వారికి అందే వైద్యం. ఆయనకు తెలియనిది వారికి లేనట్టే.

వైద్యశాస్త్రం ఎంత త్వరగా మారుతున్నదో చెప్పడానికి క్షయ ఒక్కటి చాలు. ప్రభుత్వ డాట్స్ పథకంలో వారానికి మూడు రోజులు మందు మింగించే పద్ధతి ఏళ్ళ తరబడి సాగింది. 2017లో దేశమంతటా రోజూ మందు ఇచ్చే పద్ధతి వచ్చింది. మామూలు మందులకు లొంగని క్షయకు ఆరు నెలల్లో ముగిసే కొత్త చికిత్సకు 2024లో కేంద్రం అనుమతించింది. ప్రైవేటు డాక్టరు సైతం తాను గుర్తించిన ప్రతి క్షయ రోగి వివరాన్నీ ప్రభుత్వానికి తెలపాలన్న ఉత్తర్వు 2012 నుంచే ఉంది. అది కాగితాల తతంగం అనుకుంటే పొరపాటు. పేరు నమోదైతేనే రోగికి పోషకాహారం కోసం నెలకు వెయ్యి రూపాయలు అందుతాయి. 2024 నవంబరుకు ముందు అది అయిదు వందలు. డాక్టరుకు ఈ సంగతి తెలియకపోతే, దగ్గుతూ అగ్గిపెట్టెలు అంటించే ఆడమనిషి చేతికి ఆ వెయ్యీ రాదు. ఆమె ఇంట్లో పిల్లలకు జబ్బు సోకిందేమోనని చూసేవారూ ఉండరు.

పాముకాటు సంగతీ అంతే. చేలలో, గట్ల వెంబడి నడిచేవారికి ఇది నిత్యం ఉన్న ముప్పు. కాటు పైన గట్టిగా తాడు బిగించడం, కోసి రక్తం పీల్చడం మేలు చేయకపోగా హాని చేస్తాయని, కాటు పడిన కాలినో చేతినో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడమే సరైనదని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. విషం రక్తానికి ఎక్కిందో లేదో చూడడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. రక్తం గడ్డకట్టలేదంటే విరుగుడు మందు మొదలుపెట్టాల్సిందే. పిల్లవాడైనా పెద్దవాడైనా మోతాదు ఒక్కటే. ఒంట్లో చేరిన విషాన్ని బట్టి మందు కానీ, మనిషి బరువును బట్టి కాదు. చెంగల్పట్టు ప్రాంతంలో 1978లో ఏర్పడిన ఇరుళర్ల సహకార సంఘం పాముల విషం సేకరించి విరుగుడు మందు తయారీకి అందిస్తూ వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2024 నవంబరులో పాముకాటును తప్పక నమోదు చేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. మందు ఉంది, పద్ధతి ఉంది, ఉత్తర్వు కూడా ఉంది. ఇవన్నీ ఆఖరి ఊరి డాక్టరుకు చేరాయా అన్నదే అసలు ప్రశ్న.

చేరకపోతే ఏమవుతుందో 2025లో దేశం చూసింది. ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగి ఇరవైమందికి పైగా పసివాళ్ళు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. ఆ మందు తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలోనే. అందులో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం తయారీదారు పాపం, తనిఖీ శాఖ వైఫల్యం. అది సీసా చూసి డాక్టరు కనిపెట్టగలిగేది కాదు. అయితే ఆ మందులోని జలుబు మందుల జోడీని నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక దేశంలోని ప్రతి చిన్న క్లినిక్కు బల్ల మీదికీ చేరి, డాక్టరు దాన్ని చదివి ఉంటే, ఎంతమంది పిల్లలకు ఆ సీసా రాయకుండా ఉండేవారు? హెచ్చరిక పంపడం వేరు, అది తలకెక్కడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలవడమే చదువు అవసరాన్ని అంచనా వేయడమంటే.

పుస్తకాల్లో ఉండి కూడా ఈ ప్రాంతానికే ప్రత్యేకంగా కావలసిన పాఠాలు మరికొన్ని ఉన్నాయి. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా కర్మాగారం పేలి దాదాపు నలభైమంది చనిపోయారు. ఆ తర్వాతా పేలుళ్ళు ఆగలేదు. 2021 ఫిబ్రవరిలో అచ్చంకుళంలో, 2025 జులైలో చిన్నకామన్‌పట్టిలో మళ్ళీ ప్రాణాలు పోయాయి. కాలిన వెంటనే ఇరవై నిమిషాల పాటు చల్లని నీళ్ళు ధారగా పోయాలని, సిరా, పేస్టు, పసుపు పూయరాదని చెప్పవలసింది కుటుంబ వైద్యుడే. గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనిపించినా, పైకి గాయం చిన్నదైనా ఆ మనిషిని క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలని గుర్తించవలసిందీ ఆయనే. ఊపిరి గొట్టం వాచిన తర్వాత పంపితే దారిలోనే ప్రాణం పోవచ్చు.

మిల్లు పనివారి ఆయాసం మరో పాఠం. వారపు సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఎద బిగుసుకుపోయి, వారం గడిచేకొద్దీ నెమ్మదించే ఆయాసం పత్తి దుమ్ము తెచ్చే జబ్బుకు మొదటి గుర్తు. ‘ఏం పని చేస్తావు? ఏ రోజు ఎక్కువగా ఉంటుంది?’ అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలు, దారి దొరుకుతుంది. అడగకపోతే అది ఉబ్బసంగానో బ్రాంకైటిస్‌గానో చీటీ మీద పడుతుంది. చట్టం దీన్ని పరిహారం ఇవ్వదగిన వృత్తి జబ్బుగా గుర్తించింది. కానీ జబ్బు పేరే కాగితం మీద లేనప్పుడు పరిహారం అడిగేదెలా? ఇక మధుమేహం. దేశంలో పది కోట్లకు పైగా జనానికి ఈ జబ్బు ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. షుగర్ పరీక్ష ఎక్కడైనా చేస్తారు. రోగి చెప్పులు విప్పించి, పాదంలో స్పర్శ ఉందో లేదో చూసేదెవరు? ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదంతో రేగడిచేలో నడిచే రైతుకు ఆ ఒక్క నిమిషం పరీక్ష కాలును నిలబెడుతుంది.

భాష సంగతి కూడా ఈ లెక్కలోకి రావాలి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, డాక్టరు చీటీలో ఇంగ్లీషు అన్నది ఇక్కడి తెలుగువారి బతుకు. తమిళం బాగా వచ్చినవారైనా నొప్పి ముదిరినప్పుడు చిన్ననాటి మాటకే పోతారు. ముసలమ్మ ‘ఎద బరువుగా ఉంది, వాయువు పట్టింది’ అంటే అది గ్యాస్ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. ఆ మాట విని ఈసీజీ తీయించాలా, మాత్ర ఇచ్చి పంపాలా అన్నది డాక్టరు తేల్చుకోవాలి. వేరే జిల్లా నుంచి వచ్చిన యువ డాక్టరుకు స్థానికుల ఈ మాటలు నేర్పడం కూడా వైద్య విద్యే. వైద్యకళాశాల పాఠ్యప్రణాళికలో ఇది ఉండదు. ఇక్కడివారే నేర్పాలి.

మరి డాక్టర్లకు ఏం కావాలో ఇప్పటిదాకా తెలుసుకునే తీరు ఎలా ఉంది? ‘మీకు ఏ అంశం మీద ప్రసంగం కావాలి?’ అని ఒక కాగితం ఇచ్చి టిక్కు పెట్టమనడం మామూలు పద్ధతి. ఇది చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. చిక్కు ఏమిటంటే, మనిషికి తనకు తెలియదని తెలిసినదాన్నే అడుగుతాడు. తెలియదన్న సంగతే తెలియనిదాన్ని అడగలేడు. అమెరికా వైద్య సంఘం పత్రికలో 2006లో వచ్చిన ఒక సమీక్ష, డాక్టర్లు తమకు తాము వేసుకున్న మార్కులను ఇతరులు కొలిచిన మార్కులతో 20 చోట్ల పోల్చి చూసింది. వాటిలో 13 చోట్ల రెంటికీ పొంతన అంతంతమాత్రంగానే ఉంది, లేదా అసలు లేదు, లేదా తలకిందులుగా ఉంది. డాక్టర్లను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఏ వృత్తిలోనైనా మనిషి స్వభావం అంతే.

రెండో చిక్కు డబ్బు. హోటల్లో ఆదివారం ప్రసంగం, ఆపైన భోజనం, ఖర్చు మందుల కంపెనీది అన్న ఆనవాయితీ దేశమంతటా పాతుకుపోయింది. 2009లో వైద్య మండలి డాక్టర్లు కంపెనీల కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోరాదని నిషేధించింది. 2024 మార్చిలో కేంద్రం మందుల మార్కెటింగుకు ఒకే నియమావళి తెచ్చింది. అయినా అంశం ఎంచుకునే చేయి డబ్బు పెట్టే చేయి ఒకటే అయితే, కొత్త ఖరీదైన మాత్ర మీద ప్రసంగం దొరుకుతుంది గానీ గాజు గొట్టంలో రక్తం పోసి చూసే పరీక్ష మీద దొరకదు. దానివల్ల ఎవరికీ లాభం లేదు, రోగికి తప్ప.

డాక్టర్ల ఇబ్బందినీ కాదనలేం. ఒక్క చేతి మీద నడిచే క్లినిక్కు అది. ఒకరోజు మూసి మదురైకో తిరునల్వేలికో వెళితే ఆ రోజు రాబడి పోతుంది. అంతకన్నా, ఆ రోజు వచ్చిన రోగి చదువులేని నకిలీ డాక్టరు పాలబడవచ్చు. పొద్దుటి నుంచి రాత్రి దాకా రోగులను చూసే మనిషిని ‘నీకు ఏం తెలియదో చెప్పు’ అని అడిగితే కోపం రావడం సహజం. తప్పులు వెతకడానికి వస్తున్నారన్న భయం పుడితే ఏ డాక్టరూ నోరు విప్పడు. కాబట్టి అంచనా అన్నది పరీక్ష కాకూడదు, తనిఖీ అసలే కాకూడదు. పేర్లు బయటికి రాకూడదు, శిక్ష ఉండకూడదు.

దారి లేకపోలేదు. ఇంగ్లండులో టాంటన్ పట్టణపు కుటుంబ వైద్యుడు రిచర్డ్ ఈవ్ 1990ల్లో ఒక చిన్న పద్ధతి చూపించారు. రోగి వెళ్ళిపోగానే ‘ఈ మనిషికి కావలసింది పూర్తిగా ఇచ్చానా?’ అని తనను తాను ప్రశ్నించుకోవడం, ఇవ్వలేకపోతే ఏం తెలిసి ఉంటే ఇవ్వగలిగేవాడో నోటుబుక్కులో ఒక్క ముక్క రాసుకోవడం. రెండు వారాలు రాస్తే చాలు, ఏ పాఠం కావాలో ఆ పుస్తకమే చెబుతుంది. పైసా ఖర్చు లేదు. ఒకే ఊళ్ళోని పదిమంది డాక్టర్లు ఆ పుస్తకాలు పేర్లు లేకుండా ఒకచోట కలిపితే, అదే ఆ ఊరి పాఠ్యప్రణాళిక.

దీనికి తోడు ఆసుపత్రి నుంచి తిరుగు చీటీ రావాలి. కోవిల్‌పట్టి ప్రభుత్వాసుపత్రికో విరుదునగర్ వైద్యకళాశాలకో పంపిన రోగికి చివరికి ఏమని తేలింది, ముందుగా ఏం చేసి ఉంటే మేలయ్యేది అన్న రెండు వాక్యాలు పంపిన డాక్టరుకు చేరితే, అంతకు మించిన పాఠం లేదు. విరుదునగర్ ప్రభుత్వ వైద్యకళాశాల 2022 జనవరి 12న రాష్ట్రంలోని మరో పది కళాశాలలతో పాటు ప్రారంభమైంది. కొత్త డాక్టర్లను తయారు చేయడం దాని మొదటి పని సరే, పాత డాక్టర్లకు అండగా నిలవడం రెండో పని కావాలి. ఇక్కడ ఒక అడ్డుగోడ ఉంది. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోది, సాత్తూరు, శివకాశి విరుదునగర్ జిల్లాలోవి. రోగులు మదురై రోడ్డు మీద ఏ బస్సు దొరికితే అది ఎక్కి జిల్లా హద్దు దాటిపోతారు. సర్కారు కార్యక్రమాలు ఆ హద్దు దగ్గరే ఆగిపోతాయి. ఈ అంచనా రెండు జిల్లాలకూ కలిపి ఒకటిగా సాగాలి.

పాఠం కోసం డాక్టరు ప్రయాణం చేయనక్కర్లేదని కూడా రుజువైంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్-సి రోగుల కోసం ‘ఎకో’ పద్ధతి మొదలుపెట్టారు. పల్లె డాక్టర్లు వారానికొకసారి తెర మీద కలిసి తమ రోగుల కేసులు చెప్పడం, స్పెషలిస్టులతో చర్చించడం, అంతే. పల్లె డాక్టర్ల చేతిలోనూ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వచ్చినంత ఫలితమే వచ్చిందని 2011లో తేలింది. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్యంలో ఈ బాటనే పట్టింది. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల పనిలో ఉన్న డాక్టర్లకు దూరవిద్య ద్వారా కుటుంబ వైద్యం నేర్పింది. ఇక్కడి క్లినిక్కులు మధ్యాహ్నం కాస్త ఖాళీగా ఉంటాయి. వారంలో ఒక రోజు ఆ వేళ ఒక గంట చాలు. ఆ గంటలనే తమిళనాడు వైద్య మండలి 30 గంటల లెక్కలో కలుపుకుంటే డాక్టరుకూ ఊరట, రోగికీ మేలు.

మరి రోగులను అడిగేదెవరు? అగ్గిపెట్టెల పనివారిని, మిల్లు కార్మికులను, రైతులను వారి మాటలోనే, తెలుగులోనూ తమిళంలోనూ, ‘డాక్టరు దగ్గర మీకు అర్థంకాక వెనక్కి వచ్చింది ఏమిటి?’ అని అడగాలి. తెలుగు సంఘాలు ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టినట్టే, ఏడాదికొకసారి ఈ పని కూడా చేపట్టవచ్చు. రోగి కూడా పాత చీటీలు దాచుకుని తీసుకెళ్ళాలి, చేసే పని ఏమిటో చెప్పాలి, రాసిన మందు ఎందుకో అడగాలి. మంచి డాక్టరుకు రోగి ప్రశ్నే మొదటి పాఠం.

ఏడాది తర్వాత కొలవవలసింది ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు. తాడు బిగించుకుని ఆసుపత్రికి వచ్చిన పాముకాటు బాధితులు తగ్గారా, నమోదైన క్షయ రోగులు పెరిగారా, కాలు తీసేయవలసి వచ్చిన షుగర్ రోగులు తగ్గారా అన్నదే కొలబద్ద కావాలి.

ఇదేమీ ఈ నేలకు కొత్త కాదు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రిని 1976లో 11 పడకలతో స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పుట్టింది ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలోనే. పురుళ్ళ డాక్టరు కావాలనుకున్న ఆయనకు కీళ్ళవాతం వచ్చి చేతి వేళ్ళు వంకరపోయాయి. ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని కంటి వైద్యుడయ్యారు. ఆయన చేతుల మీదుగా లక్షకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఆయన పెట్టిన ఆసుపత్రిలో ఏ డాక్టరు చేసిన ఆపరేషనులో ఏ ఇబ్బంది వచ్చిందో లెక్క రాసి పెడతారు. ఆ లెక్క ఎవరినీ దండించడానికి కాదు, ఎవరికి ఏది ఇంకా నేర్పాలో తెలుసుకోవడానికి.

పెద్దాసుపత్రిలో సాధ్యమైనది వీధి క్లినిక్కులో సాధ్యం కాదనడానికి వీల్లేదు. ఒక నోటుబుక్కు, ఒక తిరుగు చీటీ, వారానికొక గంట. రెండు జిల్లాల వైద్యాధికారులు, వైద్యకళాశాల, డాక్టర్ల సంఘాలు ఒకచోట కూర్చుంటే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. సామెతలోని ఆ మిగతా సగం వైద్యుణ్ణి వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న రోగిని అడిగితే దొరుకుతాడు.